గొర్రెపిల్లల ఊపిరితిత్తుల జబ్బు: సూది కంటే ముందు ఒంట్లో కాపలా సంగతి చూసుకునుడు ఎట్ల (స్టెప్ బై స్టెప్)

చలికాలం ఈతలు మొదలైనయంటే మా నాయిన పొద్దున లేవంగనే చేసే మొదటి పని గొర్రెపిల్లల మీద మూసిన గంపలు లేపి వాటి దగ్గర చెవి పెట్టి వినుడు. ఏది దగ్గుతుంది, దేని ముక్కు కారుతుంది, ఏది పాలకు లేస్తలేదు. టీ ఆ తర్వాతనే. ఒక్క పిల్ల డొక్కలు ఎగరేసుకుంట కనిపించిందా, ఇంట్ల అందరిదీ ఒకటే మాట, "మెడికల్ షాపుకు ఉరికి సూది పట్టుకరాపో". ఏ సూది అని అడిగినోళ్లు లేరు, ఎందుకొచ్చింది అని అడిగినోళ్లు అసలే లేరు. నేను కూడా చాన ఏండ్లు అట్లనే చేసిన, సగం బతికేటియి సగం పోయేటియి, బతికితే సూది గొప్పదనం పోతే దేవుని ఇష్టం అని అనుకునేటోళ్లం.

తర్వాత అర్థమైన సంగతి ఏందంటే ఈ జబ్బు చేసే బ్యాక్టీరియా ఎక్కడి నుంచో రావాల్సిన పని లేదు. మంచిగున్న గొర్రె ముక్కుల, గొంతు టాన్సిల్స్‌ల అది ముందే కాపురం ఉంటది. మరి రోజూ జబ్బు ఎందుకు రాదు? ఒంట్లో కాపలా ఉంది కాబట్టి. కాపలా పడుకున్న రోజు జబ్బు లేస్తది. అందుకే ఈ గైడ్‌ల మందుల కంటే కాపలా గురించే ఎక్కువ రాస్తున్న, సూది గురించి చివర్ల ఉంటది, డైరెక్టుగా అక్కడికి పోకండి.

ముందు ఇది బుర్రకెక్కించుకోండి

గాలిగొట్టం లోపలి గోడకు కంటికి కనిపించని సన్న వెంట్రుకల లాంటివి ఉంటయి, వాటి మీద చీమిడి పొర. దుమ్ము, క్రిములు ఆ చీమిడికి అతుక్కుంటే ఈ వెంట్రుకలు అలల లెక్క ఊగుకుంట పైకి నెట్టుకుంట గొంతు దాకా తెస్తయి, గొర్రె మింగేస్తది, కథ ఖతం. ఇది మొదటి కాపలా. దీన్ని తప్పించుకుని లోపల గాలితిత్తుల దాకా పోయినవాటిని మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు పట్టి మింగుతయి. అవి సరిపోకుంటే రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలను పిలుస్తయి, ఇవి ఫైటింగ్ బ్యాచ్. వీటన్నింటికీ తోడు యాంటీబాడీలు, అంటే క్రిమి మీద పోయి అతుక్కుని "ఇదిగో దొంగ" అని చూపించేటియి.

ఇప్పుడు విలన్ సంగతి. గొర్రెపిల్లల న్యుమోనియాల ఎక్కువసార్లు దొరికే బ్యాక్టీరియా మన్‌హీమియా హీమోలిటికా, పాత పుస్తకాలల్ల పాశ్చురెల్లా హీమోలిటికా అని ఉంటది, 1999ల పేరు మార్చిండ్రు. దీనితోపాటు పాశ్చురెల్లా మల్టోసిడా, మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే, పారాఇన్‌ఫ్లుయెంజా-3, ఆర్‌ఎస్‌వి లాంటి వైరస్‌లు. ఎక్కువసార్లు వరుస ఇట్ల ఉంటది: ముందు వైరసో మైకోప్లాస్మానో దొడ్డిల కంపో ఆ సన్న వెంట్రుకలను కాల్చి పడేస్తది, మాక్రోఫేజ్‌లను మబ్బు చేస్తది, అప్పటిదాకా ముక్కుల సప్పుడు లేకుండ ఉన్న మన్‌హీమియా ఒక్కసారి పెరిగి శ్వాసతోటి కిందికి దిగుతది.

దిగినాక అది ల్యూకోటాక్సిన్ అనే విషం వదులుతది. ఈ విషం నెమరేసే జంతువుల తెల్లకణాలనే పట్టి చంపుతది, వేరే జంతువుల కణాల జోలికి పెద్దగా పోదు. తెల్లకణం పగిలితే దాని కడుపుల క్రిములను కరిగించడానికి దాచిపెట్టుకున్న యాసిడ్ లాంటి ఎంజైములన్నీ అక్కడనే ఒలికిపోయి ఊపిరితిత్తిని కాలుస్తయి. అది చూసి ఒళ్లు ఇంకా ఎక్కువ న్యూట్రోఫిల్స్‌ను పంపిస్తది, అవి కూడా పగులుతయి, మంట ఇంకా పెరుగుతది. అంటే మీరు చూసే జబ్బుల బ్యాక్టీరియా చేసిన నష్టం సగమైతే, పిల్ల ఒంట్లో ఉన్న సైన్యమే కొట్టుకుని చేసిన నష్టం ఇంకో సగం. ఆలస్యంగా ఇచ్చిన మంచి మందు కూడా ఎందుకు పనిచెయ్యదో ఇప్పుడు తెలిసిందిగా. క్రిమి చస్తది, కానీ కాలిన ఊపిరితిత్తి తిరిగి రాదు.

నేను ఇది కళ్లతోటి చూసిన. ఒకసారి వరుసగా మూడు పిల్లలు పోతే డాక్టర్ సార్‌ను బతిమాలి తీసుకొస్తే, వేపచెట్టు కింద యూరియా బస్తా పరిచి మూడో పిల్లను కోసి చూపెట్టిండు. ఊపిరితిత్తుల వెనక భాగం గులాబి రంగుల స్పాంజి లెక్క ఉంది, ముందు కింది భాగం మాత్రం ముదురు ఎరుపు, పట్టుకుంటే గట్టిగ, అచ్చం కార్జం ముక్క. సార్ రెండు దిక్కుల నుంచి రెండు చిన్న ముక్కలు కోసి నీళ్ల బకెట్ల ఏసిండు. గులాబి ముక్క తేలింది. ఎర్ర ముక్క రాయి లెక్క అడుగుకు పోయింది. "గాలి లేదు, చూసినవా, నీ సూది ఇందులకి ఎట్ల పోతది చెప్పు" అన్నడు. మా నాయిన ఆ బకెట్ దిక్కే చూసుకుంట చాన సేపు నిలబడ్డడు.

స్టెప్ 1: పిల్ల పుట్టకముందే మొదలుపెట్టాలె

మనుషులల్ల తల్లి కడుపుల ఉన్నప్పుడే కొన్ని యాంటీబాడీలు బిడ్డకు పోతయి. గొర్రెకు అట్ల కాదు, దాని మాయ కట్టుబడే వేరు, తల్లి రక్తంలోని యాంటీబాడీలు దాన్ని దాటి పోలేవు. కాబట్టి గొర్రెపిల్ల యాంటీబాడీల లెక్కల దాదాపు ఖాళీ చేతులతోటి పుడుతది. తల్లి ఆ యాంటీబాడీలను ఈనేముందు ఆఖరి మూడు నాలుగు వారాలల్ల రక్తంలోంచి పొదుగులకి దింపుకుంటది, అవే జున్నుపాలల్ల వస్తయి.

అందుకే చూడి గొర్రెకు గొంతువాపు, చిటుకు రోగం టీకాలు బాకీ ఉంటే ఈతకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేయించండి, అప్పుడు రక్తంల యాంటీబాడీలు మంచిగ పెరిగి టైముకు పొదుగుల దిగుతయి. ఈనేటప్పుడు వేస్తే తల్లికి ఉపయోగం కానీ ఆ ఈత పిల్లకు కాదు. చూడి గొర్రెలను పట్టేటప్పుడు కాళ్లు పట్టి ఎత్తేసుడు, తరుముడు వద్దు, కడుపు పోతది.

మేత కూడా ఇక్కడనే. కడుపుల పిల్ల బరువుల చానా భాగం ఆఖరి ఆరు వారాలల్లనే పెరుగుతది. ఆ టైంల తల్లికి వట్టి బీడు మేతనే అయితే పాలు పలుచన, పిల్ల చిన్నది, చలికి తట్టుకోదు. రోజుకు పావు కిలో దాణానో మక్కల నూకనో పెట్టినా ఫరక్ కనిపిస్తది. మినరల్ మిక్చర్ పెట్టాలనుకుంటే గొర్రెలదని రాసి ఉన్నదే తీసుకోండి, బర్లకు తెచ్చింది తెచ్చి పోయొద్దు, దాంట్ల రాగి ఎక్కువ ఉంటది, గొర్రె రాగికి అసలు తట్టుకోదు.

స్టెప్ 2: మొదటి ఆరు గంటలు, అన్నిటికంటే పెద్ద స్టెప్ ఇదే

పుట్టిన పిల్ల పేగుకు ఒక ప్రత్యేకత ఉంటది, యాంటీబాడీలను అరగించకుండ మొత్తానికి మొత్తం రక్తంలకి గుంజుకుంటది. కానీ ఆ తలుపు గంట గంటకూ మూసుకుంట పోతది, 24 గంటలు దాటేసరికి దాదాపు బంద్. అప్పుడు లీటర్ తాగించినా అది వట్టి ఆహారమే, కాపలా కాదు. కాబట్టి మొదటి రెండు గంటల్ల ఒకసారి కడుపు నిండ, ఆరు గంటల్లోపు మళ్లీ మళ్లీ.

ఎంత? కిలో బరువుకు ఒక్కోసారికి 50 మిల్లీలీటర్లు, మొదటి రోజు మొత్తంల కిలోకు 200 మిల్లీలీటర్లు. మీ పిల్ల రెండున్నర కిలోలు ఉందనుకోండి, ఒక్కోసారికి 125, రోజుకు అర లీటర్. తల్లి కింద అదే తాగుతుందిలే అనుకోకండి, చూడండి. ముందు పొదుగు రెండు చన్నులూ పిండి మొదటి చుక్కల ఉండే మైనం లాంటి అడ్డు తీసెయ్యాలె. నల్ల గొర్లకు, అంటే దక్కనీవాటికి పొదుగు చుట్టు ఉన్ని ఎక్కువ ఉంటది, పిల్ల ఉన్ని చీకుకుంట పాలు దొరికినయనుకుంటది, ఆ ఉన్ని కత్తిరించండి. నెల్లూరు రకానికి ఈ తిప్పలు లేవు.

కొందరు పెద్దోళ్లు మొదటి పాలు చిక్కగ ఉంటే పిల్లకు పారుతదని పిండి పారబోస్తరు. దయచేసి ఆ పని చెయ్యకండి. మా తాతతోటి నేను దీని మీద పెట్టుకున్న పంచాయితి ఇంకా తెగలేదు.

కవలలు పుడితేనో, తల్లి చనిపోతేనో, తల్లికి పాలు లేకపోతేనో అదే రోజు ఈనిన ఇంకో గొర్రెవి పిండి సీసాతోటి పట్టండి. పిల్ల పోయిన తల్లి ఉంటే ఆ పాలు చిన్న చిన్న సీసాలల్ల పోసి ఫ్రిజ్‌ల పైన గడ్డకట్టే అరల పెట్టుకోండి, నెలల తరబడి పనికొస్తయి. కరిగించేటప్పుడు గోరువెచ్చటి నీళ్ల గిన్నెల సీసా పెట్టాలె అంతే. పొయ్యి మీద పెడితే జున్ను అయితది, యాంటీబాడీలు కూడా ప్రోటీన్లే కదా, జున్ను మనకు పండుగ, పిల్లకు మాత్రం దండుగ.

ఒక జాగ్రత్త. పిల్ల నోట్లో వేలు పెట్టండి, నోరు చల్లగ ఉండి చీకుత లేదంటే ముందు వెచ్చ చెయ్యాలె, గొంగడిల చుట్టి, వేడి నీళ్ల సీసా పక్కన పెట్టి. చల్లబడ్డ పిల్ల నోట్లో పాలు పోస్తే మింగలేదు, అవి నేరుగా ఊపిరితిత్తులకే పోతయి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ ముంచుడు మర్చిపోవద్దు, బొడ్డు నుంచి రక్తంలకి పోయిన క్రిములు చివరికి ఊపిరితిత్తుల దాకా కూడా వస్తయి.

స్టెప్ 3: మూడు వారాల నుంచి మూడు నెలల మధ్య సందు

తల్లి ఇచ్చిన యాంటీబాడీలు అప్పు సొమ్ము లెక్క, కరిగిపోతనే ఉంటయి. సుమారుగా రెండు వారాలకోసారి సగమైతయి అనుకోండి, అంటే 100 ఉంటే రెండు వారాలకు 50, నాలుగుకు 25, ఆరు వారాలకు పన్నెండు పదమూడు. పిల్ల తన సొంతంగ చేసుకునుడు మొదలుపెడుతది గాని అది మెల్లగ ఊపందుకుంటది. అప్పు అయిపోయి సొంత సంపాదన ఇంకా రాని ఆ మధ్య సందుల, నెల నుంచి రెండున్నర నెలల పిల్లలల్ల దగ్గులు ఎక్కువ కనిపించేది అందుకే. జున్నుపాలు తక్కువ తాగిన పిల్లకు ఆ సందు ఇంకా ముందే వస్తది, రెండో వారంలనే పడిపోవచ్చు.

ఈ రోజులల్ల పిల్లలను వయసు ప్రకారం వేరు చెయ్యండి. నెల పిల్లలను నాలుగు నెలల పిల్లల మధ్యల వదిలితే, పెద్దవి దగ్గి తట్టుకున్న క్రిములను చిన్నవి తట్టుకోలేవు.

స్టెప్ 4: దొడ్డిల గాలి

పరీక్ష చాలా సింపుల్. పొద్దున తలుపు తియ్యంగనే లోపలికి పోయి పిల్ల పడుకునే ఎత్తుల కూసోండి, ముక్కు నేలకు దగ్గరగ పెట్టండి. కండ్లు మండినయా? ముక్కు పుటాలల్ల ఘాటు కొట్టిందా? అది ఉచ్చ నుంచి లేచే అమ్మోనియా. నిలబడి చూస్తే మీకు తెల్వది, మీ ముక్కు ఐదడుగుల ఎత్తుల ఉంటది, పిల్ల ముక్కు జానెడు ఎత్తుల ఉంటది. రాత్రంతా అదే పీల్చిన పిల్లకు గాలిగొట్టం వెంట్రుకలు పనిచెయ్యకుండ పోతయి, మొదటి కాపలా అక్కడనే పాయె.

నేల పొడిగ ఉంచుడే మందు. తడి పెంట ఎత్తి సున్నం చల్లి పొడి వరిగడ్డి వెయ్యండి. చలి కొడుతుందని నాలుగు దిక్కులా పట్టాలు కట్టేస్తరు చూడండి, అది పెద్ద తప్పు, వెచ్చగ ఉండొచ్చు గానీ తేమ, ఘాటు, ఒకదాని దగ్గు ఇంకోదాని ముక్కులకు. కింద పిల్లల ఎత్తుకు ఈదురుగాలి తగలకుండ కట్టండి, పైన చూరు దగ్గర గాలి పోయేటట్టు వదలండి. దోమలని రోజూ పొగ పెట్టేటోళ్లు ఉంటరు, పిల్లల కొట్టంల ఆ పొగ వద్దు.

స్టెప్ 5: తిప్పలన్నీ ఒకేసారి పెట్టొద్దు

భయం, ఆకలి, ప్రయాణం, పాలు మాన్పుడు, ఉన్ని కత్తిరించుడు, వట్టకొట్టుడు, వీటన్నింటికీ గొర్రె ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ లేస్తది, అది లేస్తే తెల్లకణాలు మందగిస్తయి. ఒక్క తిప్పల వరకు పిల్ల తట్టుకుంటది. మూడు తిప్పలు ఒకే వారం పడితేనే జబ్బు. పాలు మాన్పిన రోజే టీకా, టీకా రోజే నట్టల (కడుపుల పురుగుల) మందు, మరునాడు సంతకు లారీ... ఇట్లాంటియి మేమూ చేసినం. ఇప్పుడు ఒకదానికి ఇంకోదానికి కనీసం పది పదిహేను రోజులు పెడుతున్నం.

లారీ సంగతి ప్రత్యేకంగ చెప్పాలె. 2017 జూన్‌ల తెలంగాణల గొర్రెల పంపిణీ స్కీం మొదలైనప్పుడు 20 ఆడ గొర్రెలు ఒక పొట్టేలు యూనిట్ లెక్కన పక్క రాష్ట్రాల నుంచి తెచ్చిండ్రు. స్కీం గొర్రెలైనా సంతల కొన్నవైనా రూల్ ఒకటే: దూరం నుంచి వచ్చినవాటికి దిగిన మొదటి వారం పది రోజులే గండం. దిగంగనే మందల కలపొద్దు, మూడు వారాలు పక్కన కట్టండి, మొదటి రోజు నీళ్లు, బెల్లం, ఉప్పు, మెత్తటి మేత, రెస్ట్, అంతే, దిగిన పూటనే సూదులు పొడుసుడు వద్దు. వలస పోయే మందలకు కూడా ఇదే కష్టం, పాలమూరు నుంచి మంద ఎల్లినప్పుడు నెల లోపు పిల్లలను నడిపించకుండ ఆటోలనో గంపలల్లనో ముందుగల చేర్చుడు వట్టి ముద్దుకు కాదు.

స్టెప్ 6: టీకా, ఎప్పుడు, ఎందుకు అప్పుడే

పీపీఆర్, మన దిక్కు పారుడు రోగం అంటరు, అన్ని జబ్బులల్ల ఇది కాపలాను డైరెక్టుగ కొట్టే జబ్బు. ఈ వైరస్ ముందు తెల్లకణాలలోకే దూరుతది, వాటినే చంపుతది. జ్వరం, కండ్ల పుసి, ముక్కు చీమిడి, నోట్లో పుండ్లు, పారుడు, దగ్గు. చానాసార్లు పిల్ల చచ్చేది వైరస్‌తోటి కాదు, కాపలా లేక వెనకనే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియాతోటి. బతికినవాటికి కూడా కొన్ని వారాలు ఒళ్లు ఖాళీగ ఉంటది, ఆ టైంల వాటిని ఎటూ తిప్పొద్దు. మన దేశంల దీన్ని మొదట 1987ల తమిళనాడు అరసూరుల గుర్తించిండ్రు. దీని అన్న లాంటి పశువుల ముసర రోగం ప్రపంచంలనే లేకుండ పోయిందని 2011ల ప్రకటించిండ్రు, దీన్ని 2030 లోపు లేకుండ చెయ్యాలని టార్గెట్ పెట్టుకున్నరు.

టీకా మంచిది, ఒక్క మిల్లీలీటర్ చర్మం కింద, ఒక్కసారి వేస్తే మూడేండ్లు తక్కువ కాకుండ పనిచేస్తది. కానీ ఇది బతికున్న, బలం తగ్గించిన వైరస్. పిల్ల ఒంట్లో ఇంకా తల్లి యాంటీబాడీలు ఉంటే అవి ఈ టీకా వైరస్‌ను కూడా దొంగ అనుకుని పట్టేసుకుంటయి, టీకా వృథా. అందుకే మూడు నాలుగు నెలల వయసు దాకా ఆగాలె. తొందరపడి నెలన్నరకే వేయించి "టీకా వేసినా వచ్చింది" అనేటోళ్లను చాలమందిని చూసిన. ఇంకోటి, కలిపిన టీకాను ఐస్‌ల పెట్టి గంట రెండు గంటల్లోపు అయిపోగొట్టాలె, ఎండల జేబుల పెట్టుకుని ఇంటింటికి తిరిగితే అది నీళ్లే.

ఇంకా చాలామంది అడిగే డౌట్: "గొంతువాపు టీకా ప్రతి వానకాలం ముందు వేపిస్తున్న, మరి న్యుమోనియా ఎందుకొచ్చింది?" గొంతువాపు టీకాల ఉండేది పాశ్చురెల్లా మల్టోసిడా బి-2 రకం. గొర్రెపిల్లల న్యుమోనియాల ఎక్కువ ఉండేది మన్‌హీమియా. పేర్లు చుట్టాల లెక్క ఉన్నా తాళం వేరు తాళంచెవి వేరు. గొంతువాపు టీకా మానొద్దు, దాని పని దానికి ఉంది, కానీ అది న్యుమోనియాకు గ్యారంటీ కార్డు అనుకోవద్దు. అమ్మతల్లి, అంటే బొబ్బల జబ్బు కూడా ఊపిరితిత్తులల్ల గడ్డలు కట్టేస్తది, దాని టీకా కూడా మీ డాక్టర్‌ను అడిగి క్యాలెండర్‌ల పెట్టుకోండి.

స్టెప్ 7: నట్టలు, ఇంకా మందు తాపే పద్ధతి

కడుపుల రక్తం తాగే నట్టలు ఉన్న పిల్లకు యాంటీబాడీలు చేసుకునేటందుకు ప్రోటీనే మిగలదు. కింది కంటి రెప్ప తీసి చూడండి, ఎర్రగ లేకుండ తెల్లగ పాలిపోయి ఉంటే లెక్క తెలిసినట్టే. ఊపిరితిత్తుల నట్టలు వేరే ఉంటయి, తడి బీళ్లల్ల మేసినవాటికి వస్తయి, పొడి దగ్గు చాలా రోజులు సాగుతది, జ్వరం పెద్దగ ఉండదు. పేడ పరీక్ష చేయించి మందు వెయ్యండి.

మందు తాపుడుల మాత్రం నా తప్పు ఒకటి చెప్తా. ఒకసారి పిల్ల తల పైకి ఎత్తిపట్టి, నోరు ఆకాశం దిక్కు చేసి ఒక్క గుటకల నట్టల మందు పోసేసిన, తొందరల. దగ్గింది, నేను పట్టించుకోలే. మూడో రోజుకు పోయింది. గొర్రెకు కుడి ముందు ఊపిరితిత్తికి పోయే గొట్టం మిగతావాటి కంటే ముందే, గాలిగొట్టం నుంచే డైరెక్టుగ చీలుతది, అందుకే దారి తప్పిన చుక్క ముందు అక్కడికే పోతది. తల నేలకు సమానంగ ఉండాలె, బుగ్గ సందుల నుంచి కొంచెం కొంచెం, మింగినంక ఇంకొంచెం. దగ్గితే వెంటనే తల వదిలెయ్యండి.

స్టెప్ 8: ముందుగ పట్టుకునుడు

తల వంచి చెవులు వేలాడేసిన పిల్ల, మంద లేచినా ఆఖర్ల లేచే పిల్ల, పాలకు పోయి రెండు గుక్కలు తాగి వదిలేసే పిల్ల. దగ్గు రాకముందే ఇవి కనిపిస్తయి. శ్వాస లెక్క పెట్టేది తెల్లారుజామున, పడుకున్నప్పుడే. మధ్యాహ్నం ఎండల గొర్రెలు ఒళ్లు చల్లబరుచుకునేటందుకు ఎట్లాగూ ఎగపోస్తయి, ఆ లెక్కకు అర్థం లేదు. చల్లటి పూట పడుకున్న పిల్ల నిమిషానికి 60 సార్లు మించి డొక్క కొడుతుందంటే అనుమానం పెట్టుకోండి. థర్మామీటర్ ఒకటి కొనండి, చాయి ఖర్చుల లెక్క కాదు గాని పెద్ద ఖరీదు కూడా కాదు, వెనకదారిల పెట్టి చూస్తే 102 నుంచి 104 ఫారిన్‌హీట్ దాకా మామూలు, 104.5 దాటితే జ్వరం. జ్వరం ఉండి, ముక్కు కారుతూ, మేత తగ్గితే ఆ రోజే పని మొదలుపెట్టాలె, రేపు కాదు. బకెట్ల మునిగిన ముక్క యాద్ చేసుకోండి.

స్టెప్ 9: ఇప్పుడు సూది

జబ్బు పిల్లను, దాని తల్లిని కలిపి వేరు చెయ్యండి, తల్లి నుంచి విడదీస్తే అది ఇంకో తిప్పల. డాక్టర్‌కు ఫోన్, లేదంటే 1962కు కొడితే పశువుల అంబులెన్స్ వస్తది. యాంటీబయాటిక్ ఏది, ఎంత అనేది పిల్లను తూకం వేసి డాక్టర్ చెప్పాలె, నేను ఇక్కడ డోసు రాయను. కానీ రెండు మూడు సంగతులు తెలిసి ఉండాలె. మైకోప్లాస్మాకు గోడనే ఉండదు, పెన్సిలిన్ జాతి మందులు క్రిమి గోడ మీదనే పనిచేస్తయి, కాబట్టి మైకోప్లాస్మా ఉన్నకాడ ఎన్ని పెన్సిలిన్ సూదులు పొడిచినా దండుగే, ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటివి దాని మీద పనిచేస్తయి. చెప్పినన్ని రోజులు కోర్సు పూర్తిగ చెయ్యాలె, రెండో రోజు పిల్ల ఎగిరిందని ఆపితే సగం చచ్చిన క్రిములు తిరిగి లేస్తయి. 48 గంటల్ల జ్వరం దిగకుంటే మందు మార్చాలేమో అడగండి.

మంట తగ్గించే మందు కూడా అడగండి, మెలాక్సికామ్ లాంటిది. సగం నష్టం సొంత సైన్యమే చేస్తుంది కదా, దాన్ని కొంచెం శాంతపరచాలె. డైక్లోఫినాక్ మాత్రం వద్దు, రాబందులు చచ్చిపోతున్నయని పశువులకు 2006లనే బ్యాన్ చేసిండ్రు.

ఇంకా ఆ డెక్సా. మా ఊరి దగ్గర ఒక మెడికల్ షాపుల "దీంతోటి నిమిషంల లేస్తది" అని ఇచ్చిండు, నిజంగనే లేచింది, సాయంత్రం మేసింది కూడా, మేమంతా ఖుషి. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్, అది కార్టిసాల్ పనే ఇంకా గట్టిగ చేస్తది, జ్వరం దించుతది, మంట ఆపుతది, దానితోపాటు కాపలాను కూడా పడుకోబెడుతది. నాలుగో రోజుకు ఆ పిల్ల ముందటి కంటే ఘోరమైంది. నెలలు నిండే చూడి గొర్రెకు వేస్తే ముందే ఈనేస్తది. డాక్టర్ చూసి ఏదైనా కారణంతోటి ఇస్తే వేరే, మనంతట మనం వద్దు.

స్టెప్ 10: పోయిన పిల్లను కూడా వృథా చెయ్యొద్దు

రెండు పిల్లలు వరుసగ పోతే మూడోదానికి ఆగకుండ, పోయినదాన్ని కొన్ని గంటల్లోపు కోసి చూపించండి. ముందు కింది భాగం గట్టిపడిందా, గొట్టాలల్ల నట్టలు ఉన్నయా, బొబ్బల గడ్డలు ఉన్నయా, నోట్లో పుండ్లు ఉన్నయా, దీన్ని బట్టే మందకు ఏం చెయ్యాలో తెలుస్తది. ల్యాబుకు శాంపిల్ పంపేటట్టైతే యాంటీబయాటిక్ వెయ్యని పిల్ల నుంచి తీస్తేనే ఉపయోగం, ఐస్ మీద పంపాలె. పీపీఆర్ అని అనుమానం ఉంటే దాచిపెట్టకండి, అది చట్టం ప్రకారం కూడా చెప్పాల్సిన జబ్బు, పక్క మందలకు పాకాక ఏడ్చి లాభం లేదు.

ఆఖరుకు మా ఇంటి పద్ధతి ఒకటి. మా నాయినకు చదువు రాదు, నోట్‌బుక్ రాయమంటే నవ్విండు. అందుకే దారాలు పెట్టినం. పుట్టిన రెండు గంటల్ల జున్నుపాలు కడుపునిండ తాగిన పిల్లకు మెడల తెల్ల దారం, ఆలస్యం అయినదానికీ సీసాతోటి పట్టినదానికీ ఎర్ర దారం. గంప లేపంగనే ఇప్పుడు ముందు ఎర్ర దారాలను లెక్క పెట్టి వాటి దగ్గర చెవి పెడతడు, తర్వాతనే మిగతావి. దారం నూలుదే కట్టండి, ప్లాస్టిక్‌ది వద్దు, రెండు వారాలకోసారి విప్పి వదులు చేసి కట్టాలె, మంచిగ పాలు తాగే పిల్ల మెడ ఎంత తొందరగ లావైతదంటే మర్చిపోతే దారం తోలులకు దిగిపోతది.